ఎనభై ఎనిమిది బొట్లు

అక్టోబర్ 1, బుధవారం, ఉదయం 5.40కి కువైట్‌లో జాబ్రియా అనే పేటలోని ఒక ఇంట్లో రెడ్డెమ్మ పియానోకు బొట్లు పెట్టింది. తెల్ల మెట్లు యాభై రెండు, నల్ల మెట్లు ముప్పై ఆరు. మెట్టుకొకటి చొప్పున ఎనభై ఎనిమిది. వేలు ఆనే చోట తడి పసుపు చుక్క, దాని మీద కుంకుమ. పని ముగించి మెట్ల మీద మూత దించింది.

ఆ రోజు మహర్నవమి. రాయచోటి దగ్గర ఆమె మరిది చిన్నపుల్లయ్యకు బోరు బండి ఉంది. ఏటా నవమి నాడు బండి కడిగి, పసుపు పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. 2019లో పెట్టలేదు. ఆ ఏడు పదకొండు బోర్లు వేస్తే తొమ్మిదింట్లో నీళ్లు పడలేదు. కువైట్‌కు వచ్చాక కూడా రెడ్డెమ్మ ఇస్త్రీ పెట్టెకు, మిక్సీకి, వాషింగ్ మెషీన్‌కు ఏటా బొట్టు పెడుతూనే ఉంది. యజమానురాలి పేరు నూరియా. పనివాళ్లు ఆమెను మామా అంటారు. మొదటి ఏడాది మామా వాషింగ్ మెషీన్ మీద బొట్టు చూసి అదేమిటని అడిగింది. రెడ్డెమ్మ చెప్పింది. బట్టలకు అంటకుండా చూసుకోమని మామా వెళ్లిపోయింది.

పియానోకు మాత్రం ఇదే మొదటిసారి. ఈ ఏడు దానికి కారణం ఉంది. ఆ పియానో మీద సాధన చేస్తున్న అతిథి కచేరీ రెండుసార్లు వాయిదా పడింది. కచేరీ వాయిదా పడిన ప్రతిసారీ రెడ్డెమ్మ సెలవు కూడా వాయిదా పడింది.

అతిథి లూర్దెస్ కాంపెలో. బ్రెజిల్ పియానో విద్వాంసురాలు. కచేరీ కోసం అచ్చు వేసిన కరపత్రంలో పుట్టిన సంవత్సరం 1954 అని ఉంది. పాస్‌పోర్టులో 1950 అని ఉంది. పాస్‌పోర్టును డ్రైవర్ మాబు చూశాడు. పుట్టింది జుయిజ్ దె ఫోరా అనే ఊళ్లో. తండ్రి రైళ్లలో టికెట్లు తనిఖీ చేసేవాడు. ఇంట్లో పియానో లేదు. వీధి చివర పళ్ల డాక్టర్ దగ్గర, రోగులు కూర్చునే గదిలో ఒకటి ఉండేది. లోపల పన్ను పీకుతుంటే వచ్చే కేకలు విని బయట కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోతున్నారని డాక్టర్ గమనించాడు. ఏడేళ్ల లూర్దెస్‌ను పియానో ముందు కూర్చోబెట్టాడు. లోపలి నుంచి గంట మోగితే ఆమె గట్టిగా వాయించాలి. నాలుగేళ్లు వాయించింది. ఆ నాలుగేళ్లలో ఒక్క రోగీ లేచి వెళ్లలేదని కరపత్రంలో ఉంది.

పదహారేళ్లకు రియో వెళ్లింది. 1974లో యూరప్‌లో జరిగిన ఒక పోటీలో రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చినవాడు తర్వాత లాయరయ్యాడు. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా ఆమె చెబుతుంది. ముప్పై ఐదేళ్లలో నలభై ఒక్క దేశాల్లో వాయించింది. పదకొండు రికార్డులు వచ్చాయి. 2009లో వేదిక ఎక్కడం మానేసింది. కారణం కరపత్రంలో లేదు.

నూరియా కూడా పళ్ల డాక్టరే. లండన్‌లో చదువుకునే రోజుల్లో లూర్దెస్ దగ్గర రెండేళ్లు పియానో నేర్చుకుంది. పదహారేళ్ల తర్వాత ఆమెను మళ్లీ వేదిక ఎక్కించాలని ఈ ఆగస్టులో కువైట్‌కు పిలిపించింది. పళ్ల డాక్టర్లు తనను వదిలేలా లేరని లూర్దెస్ విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు మాబుతో అంది.

కచేరీ మొదట సెప్టెంబర్ 11న అన్నారు. లూర్దెస్ కుడి మణికట్టు నొప్పి అంది. 25కు మార్చారు. ఎడమ మణికట్టు నొప్పి అంది. అక్టోబర్ 9కి మార్చారు. అతిథి ఇంట్లో ఉండగా, కచేరీ అయ్యేదాకా పనిమనిషికి సెలవు లేదని మామా ముందే చెప్పింది. రెడ్డెమ్మ టికెట్ సెప్టెంబర్ 14 నుంచి 28కి, అక్కడి నుంచి అక్టోబర్ 12కు జరిగింది.

రెడ్డెమ్మ ఊరికి వెళ్లి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో అక్కడ రెండు గదుల ఇల్లు లేచింది. పునాది, గోడలు, స్లాబు, అన్నీ ఆమె ఫోన్‌లోనే చూసింది. గృహప్రవేశం ముహూర్తం అక్టోబర్ 24, శుక్రవారం. అది తప్పితే నవంబర్‌లో రెడ్డెమ్మ పేరుకు కుదిరే ముహూర్తం లేదని, ఆ తర్వాత మౌఢ్యం వస్తుందని, ఫిబ్రవరి దాకా ఆగాలని అయ్యవారు చెప్పాడు. సెప్టెంబర్ చివర్లో రెండోసారి టికెట్ జరిగిన రోజు తోడికోడలు కళావతి ఫోన్ చేసింది.

"నువ్వేం దిగులు పడాకు అక్కా. నువ్వు రాకపోతే ముహూర్తం తప్పనిస్తామా? పాలు నేను పొంగిస్తాలే," అంది.

ఆ రోజు రెడ్డెమ్మ అన్నంలో రెండుసార్లు ఉప్పు వేసిందని మాబు చెప్పాడు. రెడ్డెమ్మ ఒక్కసారే అంటుంది.

నవమి నాడు ఎప్పటిలాగే లూర్దెస్ తొమ్మిదింటికి పియానో గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సాధన చేసేటప్పుడు ఎవరూ లోపలికి రాకూడదని ఆమె మొదటి రోజే చెప్పింది. పన్నెండు దాకా వాయిద్యం వినిపించింది. వంటింట్లో రెడ్డెమ్మకు వినిపించింది, కారు కడుగుతున్న మాబుకు వినిపించింది, పక్కింటివాళ్లకు కూడా వినిపించింది. 12.20కి లూర్దెస్ భోజనానికి కూర్చుంది. మామా క్లినిక్ నుంచి వచ్చేలోపు బొట్లు తుడిచేద్దామని రెడ్డెమ్మ తడిగుడ్డతో వెళ్లి మూత ఎత్తింది.

బొట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లెక్కపెట్టింది. ఎనభై ఎనిమిది. ఒక్కదాని కుంకుమ కూడా చెదరలేదు.

కూర్చునే బల్ల మూత తీస్తే లోపల నోట్స్ పుస్తకాల కింద ఒక స్పీకర్ కనిపించింది. చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.

మాబుది కడప. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల నుంచి డ్రైవర్. రెడ్డెమ్మ అడిగితే స్పీకర్ తెచ్చిచ్చింది తనే అని ఒప్పుకున్నాడు.

"పాటలు ఇనేదానికని అడిగింది అక్కా. తెచ్చిచ్చినా. పియానో ఆయమ్మకు పాట ఇనేదానికి స్పీకర్ ఎందుకని అడిగేంత తెలివి ఉంటే నేను కారెందుకు తోల్తా?"

లూర్దెస్ వాయించకుండా తన పాత రికార్డు వినిపిస్తోందని ఇద్దరికీ అర్థమైంది. మామాకు చెబితే ఏమవుతుందో కూడా మాట్లాడుకున్నారు. మామా సగంలో లేచిపోయిన రోగిని కూడా ఫోన్ చేసి వెనక్కి పిలిపించే మనిషి. అతిథిని పంపదని, మంచి డాక్టర్‌ను పిలిచి ఇంకో తేదీ పెడుతుందని మాబు అన్నాడు. అంటే టికెట్ మళ్లీ జరుగుతుంది. స్పీకర్ ఎవరు తెచ్చారన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆ సంగతి మాబు రెండుసార్లు గుర్తు చేశాడు.

రెడ్డెమ్మ బొట్లు తుడవలేదు. మూత దించి వచ్చింది. గురువారం మధ్యాహ్నం చూసింది. ఎనభై ఎనిమిది. శుక్రవారం మామా ఇంట్లో ఉంది, చూడటం కుదరలేదు. శనివారం ఎనభై ఏడు ఉన్నాయి. ఒకటి ఎండి తనంతట తనే రాలిపోయింది. దాన్ని మళ్లీ పెట్టింది.

శనివారం సాయంత్రం లూర్దెస్ మాబును మందుల షాపుకు తీసుకెళ్లమంది. చేతికి కట్టుకునే పట్టీ ఒకటి కొనుక్కుంది. మాబు వచ్చి ఆ మాట చేరవేశాడు.

"కుడి చెయ్యి అయిపోయింది, ఎడమ చెయ్యి అయిపోయింది. ఈసారి పట్టీ యాడ కడ్తాదో చూడల్ల," అన్నాడు.

ఆ రాత్రి రెడ్డెమ్మ పియానో గదిలోకి వెళ్లి వచ్చింది.

అక్టోబర్ 5, ఆదివారం. మామాకు ఆ రోజు క్లినిక్ పదకొండింటికి. తొమ్మిదింటికి లూర్దెస్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తొమ్మిదిన్నర దాకా ఇంట్లో చప్పుడు లేదు. మేడ మీద నుంచి మామా, సాధన ఇంకా మొదలుకాలేదా అని అడిగింది. గది తలుపు తెరుచుకుంది. లూర్దెస్ వంటింట్లోకి వచ్చింది. చేతిలో నిమ్మకాయ ఉంది. దాన్ని రెండు వేళ్లతో, దూరంగా పట్టుకుంది.

లూర్దెస్‌కు ఇంగ్లీషు వచ్చు. రెడ్డెమ్మకు వంటింటి అరబ్బీ, కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఆరు వారాల్లో లూర్దెస్ తెలుగులో నీళ్లు, కూర్చో, చాలు అనే మాటలు నేర్చుకుంది. ఈ మూడింటి మధ్య ఇద్దరికీ మాట నడిచిపోయేది.

"ఇదేంటి?" అని లూర్దెస్ అడిగింది.

"నిమ్మకాయ."

"నా వస్తువు ఏది?"

"బియ్యం డబ్బాలో ఉంది."

లూర్దెస్ స్టూలు మీద కూర్చుంది. గదిలో మూత ఎత్తి చూశానని, ఆ ఎర్ర చుక్కలు ఏమిటని అడిగింది. తమ ఊళ్లో నాలుగు దారులు కలిసే చోట ఇలాంటివి పెడతారని, దాటకూడదని, తాకకూడదని చెప్పింది. తన మీద ఎవరు పెట్టించారో తెలుసుకోవాలంది. ఇది అది కాదని, పనిముట్టుకు చేసే పూజ అని, బుధవారం నుంచి అవి చెదరలేదని రెడ్డెమ్మ చెప్పింది. బుధవారం అన్న మాట లూర్దెస్‌కు అర్థమైంది. నిమ్మకాయను గట్టు మీద పెట్టింది.

తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇది. 2009 మార్చిలో బ్రెజిల్‌లోనే, పోర్తో అలెగ్రె అనే ఊళ్లో కచేరీ. ముప్పై ఒక్క నిమిషాల కృతి. అంతకుముందు రెండు వందల సార్లకు పైగా వాయించినదే. పద్నాలుగో నిమిషంలో తర్వాతి స్వరం గుర్తు రాలేదు. మొదటి నుంచి మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగిపోయింది. లేచి నిలబడి, మంచినీళ్లు తాగి వస్తానని సభకు చెప్పి, వెనక తలుపు గుండా బయటికి వెళ్లి టాక్సీ ఎక్కింది. అప్పటి నుంచి ఆ చోటు దాకా వెళ్లలేదు. కాగితం ముందు పెట్టుకుంటే కళ్లు ఆ గీతల మీద నిలవడం లేదంది. కువైట్‌కు ఎందుకు ఒప్పుకున్నావని రెడ్డెమ్మ అడిగింది. పిలిచినప్పుడు సంతోషం వేసింది, ఒప్పుకున్నాక గుర్తొచ్చింది అంది.

రెడ్డెమ్మ కూడా తన సంగతి చెప్పింది. ఇల్లు, ముహూర్తం, మౌఢ్యం. మౌఢ్యాన్ని ఇంగ్లీషులో చెప్పడం కుదరక తెలుగులోకి వచ్చేసింది.

"చూడు లూర్దమ్మా, నువ్వు బాగా వాయిస్తావో, పాడు చేస్తావో నాకు పన్లేదు. తొమ్మిదో తేదీ నువ్వు ఆడ కూర్చుంటేనే నేను పన్నెండుకు ఫ్లైట్ ఎక్కేది. లేదంటే నా ఇంట్లో, నా పొయ్యి మీద, కళావతి పాలు పొంగిస్తాది."

కళావతి ఎవరని లూర్దెస్ అడిగింది. రెడ్డెమ్మ చెప్పింది. లూర్దెస్ వెంటనే, మొదటి బహుమతి వచ్చిన లాయరు పేరు చెప్పింది. రెడ్డెమ్మ ఆ పేరు ఇప్పటికి పదిసార్లు విన్నది. ఈసారి తలాడించింది.

అప్పుడే మామా మెట్లు దిగి పియానో గదిలోకి వెళ్లింది. మూత తెరిచి ఉంది. మామా రెడ్డెమ్మను పిలిచింది. ఇద్దరూ వెళ్లారు. ఇది ఎవరి పని అని మామా అడిగింది. రెడ్డెమ్మ నోరు తెరిచేలోపు లూర్దెస్ ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ఇది బ్రెజిల్ పద్ధతి. సాధనలో ఏ మెట్టు వదిలేస్తున్నామో చుక్క చూసి తెలుసుకోవచ్చు. పనిమనిషిని చుక్కలు పెట్టమన్నది తనే. నిమ్మకాయ వేళ్లకు రాసుకునేందుకు.

మామా నమ్మింది. లండన్‌లో ఈ పద్ధతి ఎందుకు నేర్పలేదని అడిగింది. అది పెద్ద విద్యార్థులకే అని లూర్దెస్ అంది. అయితే ఇప్పుడు చూపించమని మామా కుర్చీ లాక్కుని కూర్చుంది.

లూర్దెస్‌కు వేరే దారి లేదు. బల్ల మీద కూర్చుని మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆమె పియానో వాయించడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికి తెలుసు. పద్నాలుగో నిమిషంలో చేతులు మెట్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"చాలు," అంది, తెలుగులో.

మామా లేచి మెట్లు చూసింది. బొట్లు ఇరవై ఒకటి మిగిలాయి, అవీ ఎక్కువగా ఆ చివరా ఈ చివరా. అటు వైపు కూడా చూసుకోమని టీచర్‌కు చెప్పి క్లినిక్‌కు వెళ్లిపోయింది.

లూర్దెస్ కదల్లేదు. వేళ్ల కొనలు ఎర్రగా ఉన్నాయి. రెడ్డెమ్మ నేల తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ, ఆగిపోయిన చోటి నుంచి తర్వాతి భాగం పాడింది. ఆ రికార్డు ఆరు వారాలుగా రోజూ మూడు గంటలు ఆమె చెవిలో పడుతోంది. తాను పాడుతున్నట్టు ఆమెకు తెలియదని మాబు అంటాడు. కిటికీ బయట ఉన్నది అతనే.

లూర్దెస్ వెనక్కి తిరిగింది. మళ్లీ పాడమంది. రెడ్డెమ్మ సిగ్గుపడింది. మూడోసారి అడిగాక పాడింది. ఆ వరుసకు ఆమె వంటింట్లో మాటలు కట్టుకుని ఉంది.

"ఎర్రగడ్డ తరగల్ల, తెల్లగడ్డ దంచల్ల, నూనె కాగే లోపల్నే నేను ఊరికి పోవల్ల."

రాయలసీమలో ఉల్లిపాయను ఎర్రగడ్డ, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటారు. లూర్దెస్‌కు ఆ అర్థం తెలియదు, అడగనూ లేదు. ఎడమ చేత్తో ఎడమ చివర కింది మెట్టు ఒకటి వెతుక్కుంది. దొరికింది. అక్కడి నుంచి ముప్పై ఒకటో నిమిషం దాకా ఆగలేదు.

సోమవారం నుంచి బుధవారం దాకా సాధన రోజుకు నాలుగు గంటలు సాగింది. పద్నాలుగో నిమిషం వచ్చేసరికి రెడ్డెమ్మ బల్ల పక్కన ఉండాలి. ఆ మూడు రోజులూ ఎర్రగడ్డలు మాబు తరిగాడు. స్పీకర్ విషయంలో అతనికి పడిన శిక్ష అదే. పద్నాలుగో నిమిషం దగ్గర లూర్దెస్ పన్నెండుసార్లు ఆగింది. పన్నెండుసార్లూ ఎర్రగడ్డ అన్న ఒక్క మాట సరిపోయింది. మంగళవారం ఒకసారి రెడ్డెమ్మ బాత్రూమ్‌లో ఉంది. లూర్దెస్ ఆగి, ఆమె వచ్చేదాకా కూర్చుంది.

కచేరీలో పుట తిప్పేందుకు పక్కన ఒక మనిషి కావాలని లూర్దెస్ మామాకు చెప్పింది. ఆ మనిషి రెడ్డెమ్మ అంది. రెడ్డెమ్మకు ఆ లిపి చదవడం రాదు కదా అని మామా అడిగింది. తన తల ఊపు చూసి తిప్పితే చాలని లూర్దెస్ అంది.

అక్టోబర్ 9, గురువారం, సాయంత్రం 7.30. ఊరి మధ్యలోని ఒక హాలు. రెండు వందల పన్నెండు మంది వచ్చారు. మాబు కారు పెట్టి వచ్చి చివరి వరుసలో నిలబడ్డాడు. లూర్దెస్ నల్ల గౌనులో వచ్చింది. మణికట్లకు పట్టీలు లేవు. వెనకే రెడ్డెమ్మ వచ్చింది. మామా ఇచ్చిన పొడవాటి నల్ల అబాయా వద్దని, గృహప్రవేశం కోసం అబ్బాసియా బజారులో కొనుక్కున్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. లూర్దెస్ కూర్చునే ముందు వంగి ఆమెను ఏదో అడిగింది. రెడ్డెమ్మ చీర కొంగు ముడి విప్పింది. కుంకుమ తీసి, ఎడమ చివర నుంచి మూడో మెట్టుకు ఒక బొట్టు పెట్టింది. పియానో హాలువాళ్లది. ముందు వరుసలో ఉన్న హాలు మేనేజర్ సగం లేచి, అతిథుల్ని చూసి మళ్లీ కూర్చున్నాడు.

రెడ్డెమ్మ మొదటి పదమూడు నిమిషాల్లో ఏడుసార్లు పుట తిప్పింది. అందులో నాలుగు లూర్దెస్ తల ఊపినప్పుడు, మూడు తనకు తోచినప్పుడు. లూర్దెస్ పుస్తకం వైపు చూడలేదు. ఆ పుస్తకం వేరే కృతిది.

పద్నాలుగో నిమిషంలో లూర్దెస్ ఆగింది. హాలువాళ్లు తీసిన వీడియో ప్రకారం ఆ విరామం నాలుగు సెకన్లు. రెడ్డెమ్మ ముందుకు వంగడం అందులో కనిపిస్తుంది. మాట వినపడదు. తాను మాట అననేలేదని, నోరు తెరిచేలోపే లూర్దెస్ చెయ్యి కింది మెట్టు మీదికి వెళ్లిపోయిందని రెడ్డెమ్మ అంటుంది. మాట తనకు వినపడిందని లూర్దెస్ అంటుంది. ఈ విషయంలో ఇద్దరి మధ్య ఇప్పటికీ రాజీ లేదు.

కృతి ముప్పై రెండో నిమిషంలో ముగిసింది. జనం లేచి నిలబడ్డారు. లూర్దెస్ వంగి నమస్కరించి, రెడ్డెమ్మను కూడా వంగమంది. మూడు రోజుల తర్వాత ఒక పత్రికలో సమీక్ష వచ్చింది. రెండో భాగంలో కళాకారిణి పాటించిన మౌనం ఈ కృతికి కొత్త అర్థం ఇచ్చిందని, పుట తిప్పే సహాయకురాలి పద్ధతి మాత్రం తమకు పరిచయం లేనిదని అందులో ఉంది. ఆ సమీక్షను మాబు ఫోటో తీసి రెడ్డెమ్మకు పంపాడు. ఆమె అప్పటికి విమానంలో ఉంది.

వెళ్లే ముందు రోజు మామా కుంకుమ డబ్బా ఇక్కడే పెట్టి వెళ్లమని అడిగింది. మామా కూతురికి పన్నెండేళ్లు. ఆ పిల్ల కూడా రోజూ సాయంత్రం మేడ మీద తలుపు వేసుకుని తన చిన్న పియానో మీద నేర్చుకుంటోంది. రెడ్డెమ్మ డబ్బా ఇచ్చింది. స్పీకర్ గురించి ఎవరూ అడగలేదు. బియ్యం డబ్బాలో అది లేదు.

అక్టోబర్ 24, శుక్రవారం, తెల్లవారుజామున 4.52కి రాయచోటి దగ్గర రెండు గదుల ఇంట్లో పాలు పొంగాయి. గిన్నె ముందు ఉన్నది రెడ్డెమ్మ. పాల ప్యాకెట్ కత్తిరించి ఇచ్చింది కళావతి. మేళగాళ్లు ఒక పెళ్లికి ఒప్పుకుని రాలేదు. కళావతి కూతురు తీసిన వీడియో ఒక నిమిషం పది సెకన్లు ఉంది. అందులో సన్నాయి వినిపిస్తుంది. కిటికీలో, చిన్న టిఫిన్ డబ్బా అంత స్పీకర్ కనిపిస్తుంది. దానికి బొట్టు ఉంది.